దెయ్యానికి తెల్లచీర ఎవరు కట్టారు

ఆ రోజు ప్రొద్దుటూరు బట్టల అంగట్లో ఆ రంగు పేరు నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. నా చేతులు పట్టుకుని అడిగిన ఆ పెద్దామెకూ చెప్పలేదు. చనిపోయిన మనిషి నాచేత పలికించిందని అందరూ నమ్మారు. ఒక రకంగా అది నిజమే, వాళ్లు అనుకున్న రకంగా మాత్రం కాదు.

అంతా ఒక నవలతో మొదలైంది.

మా ఇల్లు ప్రొద్దుటూరులో మేడ మీద. కింద నాన్న మోటార్లు చుట్టే అంగడి. కాలిపోయిన బోరు మోటార్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికి వస్తాయి. మధ్యాహ్నం పూట రాగితీగ చుట్టే చప్పుడు, వార్నిష్ వాసన మెట్ల దాకా వస్తుంటాయి. ఆ మెట్ల మీద కూర్చుని ఫోన్లో నవలలు చదివేదాన్ని. చదివిన వాటి గురించి డైరీలో రాసుకునేదాన్ని. మనుషులతో మాట్లాడాల్సి వస్తే గొంతు పట్టేసేది. రాయడానికి ఆ ఇబ్బంది లేదు.

ఆ నవల భాగాలు భాగాలుగా రాబోయే ఒక పెద్ద కథలో మొదటిది. కొండ కింద ఒక పాత బంగళా. భార్య పోయిన ఒక అందగాడు మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. మొదటి భార్య తెల్లచీరలో, జుట్టు విరబోసుకుని, నిలువుటద్దంలోంచి దిగి వస్తుంది. పున్నమికి పున్నమికి రెండో భార్య ఒంట్లో దూరి భర్త పక్కన కూర్చుంటుంది. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసే పున్నమి కోసం ఎదురుచూస్తాడు. చివరి పేజీలో రెండో భార్య అద్దం ముందు నిలబడితే అందులో ఎవరూ కనిపించరు. మొదటి భాగం అక్కడితో అయిపోతుంది.

కింద పాఠకుల అభిప్రాయాలు వందల కొద్దీ ఉండేవి. 'ఏం ప్రేమ మేడం, గుండె పిండేశారు' అని ఒకరు. 'హీరోయిన్ మరీ మెతక' అని ఇంకొకరు. ఆ వరుసలోనే ఎవరో మన జిల్లా పాఠకురాళ్లకు వాట్సాప్ గ్రూపు ఉంది, చేరండి అని పెట్టారు. చేరాను. అందులో ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. మొహాలకు బదులు పూల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు. టైపు చేసే ఓపిక లేక చాలామంది వంట చేస్తూనే అభిప్రాయాలు మాట్లాడి పంపేవాళ్లు. వెనకాల పోపు చిటపటలు, కుక్కరు కూతలు వినిపించేవి.

"ఆ హీరో ఏం పని చేస్తాడప్పా?" అని మైదుకూరు ఆమె అడిగింది. "పొద్దస్తమానం కిటికీ కాడ నిలబడి ఆకాశం సూస్తాంటే అంత పెద్ద బంగళాకు కరెంటు బిల్లు ఎవురు కడతారు?"

ముద్దనూరులో టీచరుగా చేసే ఒకామె ఇలాంటి మూఢనమ్మకాలు రాయడం సమాజానికి మంచిది కాదని గట్టిగా చెప్పి, అదే గొంతుతో రెండో భాగం ఎప్పుడొస్తుందో ఎవరికైనా తెలుసా అని అడిగింది. ప్రొద్దుటూరులోనే బట్టలు కుట్టే ఒకామె తనకైతే ఏడుపు ఆగలేదంది. "సచ్చిపోయినా మొగున్ని ఇడిసిపెట్టల్యా సూడు, అదీ ప్రేమంటే."

అప్పుడు పులివెందుల ఆమె గొంతు వచ్చింది. ఆమె బొమ్మ స్థానంలో ఒక చీనీకాయ, అదే బత్తాయి, ఉండేది. గొంతులో సన్నటి జీర. అప్పుడే నవ్వడం ఆపినట్టు, ఇంకో నవ్వు దాచుకున్నట్టు ఉండేది.

"నాకొకటే డౌటు. ఆ యమ్మ మొగుడుండంగనే పోయింది గదా. ముత్తైదువ పోతే పసుపు పూసి, పూలు పెట్టి, కొత్తచీర కట్టి పంపుతారు. మరి ఆ దెయ్యానికి తెల్లచీర ఎవురు కట్టినారు? యాడ కొనుక్కున్యాది?"

గ్రూపంతా నవ్వింది. ఆ మాట మీద కొన్నాళ్లు రచయిత్రిని ఆటపట్టించారు. నేను మాత్రం డైరీలో రాసుకున్నాను. అంతమంది చదివాం, ఒక్కరికీ తోచలేదు, ఈమెకే తోచింది అని.

ఆ తర్వాత ఆమె నాకు విడిగా గొంతు పంపింది. "నువ్వు అందరి మాటలూ ఇంటావు, ఒక్క మాటా మాట్లాడవు. దెయ్యమా ఏంది నువ్వు?"

నాకు మాట్లాడాలంటే భయం అని టైపు చేశాను.

"అయితే రాయి. నేను మాట్లాడ్తా, నువ్వు రాయి."

అలా సాగింది మా స్నేహం. ఆమె మాటల వెనక డ్రిప్పు పైపుల్లో నీళ్లు చిమ్మే చప్పుడు, పిట్టలు. చీనీ తోటలోంచి మాట్లాడేది. మొహం ఎప్పుడూ చూడలేదు, పేరు అడగలేదు. పుట్టిల్లు జమ్మలమడుగు అని మాత్రం ఆ చీర మాట చెప్పినప్పుడు తెలిసింది.

"నేను దెయ్యమైతే తెల్లచీరలో మాత్రం రాను. నేరేడుపండు రంగు, పచ్చంచు. జమ్మలమడుగులో మా యమ్మోళ్ల వీధిలో మగ్గం మీద సూసినా. అడిగితే ఈ ఉగాదికి గాదు, వచ్చే ఉగాదికి అంటాండారు. అది కట్టుకొనే వస్తా, రాస్కో."

నవల చివరి పేజీ గురించి గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. అది ప్రేమా, పగా అని. ఆమె అక్కడ ఏమీ అనలేదు. నాతో అంది. "వానికి పాతది కావల్ల. పాతదానికి వాడు కావల్ల. నడుమ ఆ రెండో పిల్లను ఎవురన్నా అడిగినారా, మ్మే, నీ ఒళ్లు రోంత ఇస్తావా అని? ప్రేమంట ప్రేమ!"

ఆ పిల్ల కూడా నోరు విప్పలేదు కదా అని రాశాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది. ఆ గొంతులో నవ్వు లేదు. "నోరిప్పేది అంత సుళువా? నీకు తెల్దా?"

ఆ వర్షాకాలం ఆమెకు జ్వరం. రెండు మాటలు పలికి ఆయాసపడేది. తర్వాత నేను పంపినవి చేరడం మానేశాయి. కొన్నాళ్లకు గ్రూపులో ఎవరో మన పులివెందుల చెల్లెలు ఇక లేదట అని పెట్టారు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మరుసటి రోజు మళ్లీ ఆ హీరో ఉద్యోగం గురించి మాట్లాడుకున్నారు. నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను. తర్వాతి ఎండాకాలం నా ఫోను పాడై కొత్తది తీసుకున్నాక ఆమె గొంతు కూడా పోయింది. దాన్ని దాచుకోవడం నాకు చేతకాలేదు. వినడానికి ఇక నా చెవిలో మిగిలిందే మిగిలింది.

పులివెందుల నుంచి నాన్న అంగడికి కాలిన మోటార్లు తెచ్చే ఒకాయన ఉండేవాడు. నెమ్మదైన మనిషి. మోటారు సిద్ధమయ్యేదాకా బల్ల మీద కూర్చుని చేతి గోళ్లు చూసుకునేవాడు. భార్య పోయిందని, పిల్లలు లేరని, చీనీ తోట ఉందని, వాళ్లమ్మ మన పిల్లను అడుగుతోందని ఒక సాయంత్రం నాన్న అమ్మతో అన్నాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మంచోళ్లు. కొట్టేది తిట్టేది లేదు. నువ్వేమంటావు?"

నేను ఏదో ఒకటి అనేలోపు పాలు పొంగుతున్నాయని అటు తిరిగింది. ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది. పులివెందులలో చీనీ తోటలు ఎన్ని లేవు, భార్యలు పోయినవాళ్లు ఎంతమంది లేరు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించకుండా నన్ను నేనే ఆపుకున్నాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. భార్య పోయినవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే కొత్తగా వచ్చే ఆమె మెడలో తాళితో పాటు పోయినామె పేరు మీద ఒక చిన్న బంగారు బిళ్ల వేస్తారు. అంతకంటే ముందు పోయినామెకు కొత్తచీర పెడతారు. పటం ముందు పసుపు కుంకుమలతో ఆ చీర ఉంచి, మొక్కి, తర్వాత దాన్ని కొత్తామె కట్టుకోవాలి. అప్పుడే పోయినామె ఒప్పుకున్నట్టు లెక్క. మాట ఖాయం చేసుకోకముందే ఆ చీర సంగతి తేలిపోవాలని అతని తల్లి పట్టుబట్టింది. చీర కొనడానికి వాళ్లు ప్రొద్దుటూరు వచ్చారు. నన్ను ఇంకోసారి చూసినట్టూ ఉంటుందని అమ్మ నన్ను కూడా అంగడికి తీసుకుపోయింది.

తెల్ల దుప్పటి పరిచిన తివాచీ మీద కూర్చున్నాం. అంగడాయన ఒక్కొక్క చీర విసిరి పరుస్తున్నాడు. అతని తల్లి ఎర్రచీర ఒకటి పైకెత్తింది. అతను గోడకు ఆనుకుని గోళ్లు చూసుకుంటున్నాడు.

నా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "ఎర్రది వద్దప్పా. అది ఎర్రది కట్టదు."

అదే గొంతు. అదే జీర. అప్పుడే నవ్వడం ఆపినట్టు.

పంకా తిరుగుతోంది. చీరల అంచులు లేచి పడుతున్నాయి. వెనక్కి తిరగడానికి నాకు కొంత సమయం పట్టింది. తిరిగి చూస్తే చెప్పులు చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడిన ఒక పెద్దామె. నెరిసిన జుట్టు, నుదుట పెద్ద బొట్టు. జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి ఆలస్యమైందట. అతనికి మేనత్త, పోయినామెకు తల్లి. నా చీనీకాయ స్నేహితురాలికి ఈమె గొంతే వచ్చిందన్నమాట. మేనరికం పెళ్లి వాళ్లది. కూతురి చీర తల్లి చేతుల మీదుగా కొనాలని పిలిపించారు.

ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది. చీర తర్వాత చీర తాకి పక్కన పెట్టింది. ఏదీ తేల్చుకోలేకపోయింది. "దానికేది ఇష్టమో నాకే తెల్యడంల్యా," అని అతని తల్లితో అంది. ఆ గొంతు అలా అనడం నేను భరించలేకపోయాను. నోరు తెరిచాను.

"నేరేడుపండు రంగు. పచ్చంచు."

అంగడాయనకు ఏమీ పట్టలేదు. "ఉందమ్మా, పైన ఉంది, తెప్పిస్తా," అని మేడ మీదికి కేకేశాడు. మిగతా వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నీకెవురు జెప్పినారు పాపా?"

చెప్పాలనుకున్నాను. ఒక నవల, ఒక గ్రూపు, చీనీకాయ బొమ్మ, ఇంతే కదా. గొంతు పట్టేసింది. ఈలోగా అతని తల్లి చేతులు జోడించింది. "పలికింది. కడసారి ఉగాదికి ఆ చీరే అడిగింది. మేమే కొనియ్యల్యా."

అతను తలెత్తాడు. అన్నాళ్లలో మొదటిసారి నా వైపు చూశాడు. నా వైపే కాని నన్ను కాదు. నా వెనక, నా భుజం మీదుగా ఎవరో నిలబడి ఉన్నట్టు చూశాడు. ఆ చూపులో ఉన్న ఆశకు నేను భయపడ్డాను. దెయ్యాల కథలు అన్ని చదివాను గాని అంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఇంటికొచ్చాక అమ్మ దిష్టి తీసింది. నేను మంచినీళ్లు తాగుతుంటే వంటింటి గడప దాటకుండా అవతలే నిలబడి అడిగింది. "మ్మే, నువ్వేనా?"

నేనేనమ్మా అన్నాను. నమ్మినట్టు తలాడించింది కాని లోపలికి రాలేదు. అప్పటి నుంచి నువ్వేమంటావు అని నన్ను ఎవరూ అడగలేదు. పోయినామె ఒప్పుకుంది కదా, ఇంక అడగడానికి ఏముంది?

చీర కట్టించడానికి జమ్మలమడుగు రమ్మన్నారు. అమ్మతో కలిసి పొద్దున బస్సుకు పోయాను. ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. పెద్దామె ఇంట్లో నడిమింటి గోడకు పటం. మొదటిసారి ఆమె మొహం చూశాను. నేను ఊహించుకున్న మొహం అది కాదు. పెదాలు బిగించుకుని ఉంది, పెళ్లిలో తీసిన ఫోటో అట. ఆ మొహానికి ఆ గొంతును అతికించుకోలేకపోయాను. ఆ గొంతు నా వెనక వంటింట్లోంచి వస్తోంది, "ఆకులు ఎయ్యండప్పా" అని.

భోజనంలో అలసంద వడలు పెట్టారు. "దానికి ప్రాణం. తిను," అంది పెద్దామె. నాకవి అంత ఇష్టం లేదు. నేను తుంచే విధానం, నమిలే విధానం చూస్తూ అందరూ చేతులు ఆపారు. రెండోది కూడా తిన్నాను. అతని తల్లి కళ్లు తుడుచుకుంది.

చేతులు కడుక్కుంటుంటే అతను తొట్టి దగ్గరికి వచ్చాడు. నీళ్లు పోయడానికి వచ్చినట్టు చెంబు పట్టుకున్నాడు.

"ఇంకేమన్నా చెప్పిందా?" అన్నాడు. గొంతు వినిపించీ వినిపించనట్టుంది. "నన్ను గురించి?"

ఆమె నాతో చెప్పినవి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. తోటలో ఏ చెట్టు కింద కూర్చునేది, ఏ పిట్ట కూతను వెక్కిరించేది. రోజుకు ఒకటి చెప్పినా ఆ ఇంట్లో నన్ను నెత్తిన పెట్టుకుంటారు. అవి అయిపోయాక? సొంతంగా కల్పించుకుంటూ పోతాను. నాకు కల్పించడం వచ్చు. కొన్నాళ్లకు ఏది ఆమెదో ఏది నాదో నాకే తెలియదు. నేను ఎక్కడున్నానని వెతికేవాళ్లు కూడా ఉండరు.

ఏమీ చెప్పలేదు అన్నాను. అతను చెంబు వంచి నా చేతుల మీద నీళ్లు పోశాడు, చేతులు కడిగేసుకున్నానని గమనించకుండా.

పటం ముందున్న చీర తీసి పెద్దామె నా చేతుల్లో పెట్టింది. "కట్టుకొని రా పాపా."

పక్క గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. నా చుడీదారు మీదే చుట్టుకున్నాను. బయట ఎర్రటి ఎండ, లోపల సగం చీకటి. చీర చాలా బాగుంది. కుచ్చిళ్లు పెట్టాను, పమిట వేశాను. నా చేతులు ఆ పని నాకంటే బాగా తెలిసినట్టు తొందర తొందరగా కదిలాయి. బీరువా అద్దం వైపు చూడాలంటే మనసు రాలేదు.

బయటి నుంచి ఆ గొంతు పిలిచింది. "అయిందా మ్మే?"

కూతుర్ని పిలిచినట్టు పిలిచింది. ఆ గది, ఆ పిలుపు, ఆ మధ్యాహ్నం అన్నీ ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టున్నాయి.

"ఆఁ, వస్తాండా," అన్నాను.

అన్నాక విన్నాను. ఆ మాట చివర సన్నటి జీర ఉంది. నా గొంతు కాదు అది. అన్ని మధ్యాహ్నాలు విని విని నా గొంతే దాన్ని నేర్చుకుందో, ఇంకేమిటో, నాకు ఇప్పటికీ తెలియదు. బయట మాటలన్నీ ఆగిపోయాయి. వాళ్లూ విన్నారు.

పమిట తీశాను. కుచ్చిళ్లు లాగేశాను. ఎక్కడ విప్పాలో తెలియకుండా చీర నడుముకు చుట్టుకుపోయింది. తొందరపడకుండా ఒక్కొక్క చుట్టూ విప్పి, మడత పెట్టి, మంచం మీద ఉంచాను. తలుపు తీసి నా బట్టల్లోనే నడిమింట్లోకి వచ్చాను. అమ్మ లేచి నిలబడింది.

"నాకీ పెళ్లి వద్దు," అన్నాను.

అతని తల్లి భయంగా పటం వైపు చూసి మళ్లీ నా వైపు చూసింది. "ఎవురమ్మీ మాట్లాడేది?"

"నేనే. ఇది ఆమె చెప్పేది గాదు. నేను చెప్తాండా. నన్నెవురూ అడగల్యా, అందుకే చెప్తాండా."

ఈసారి గొంతు పట్టేయలేదు. నాకే వింతగా ఉంది, ఏ జీరా లేకుండా, పలచగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది. అమ్మ మొహం ఎర్రబడింది. "సిగ్గు తీసినావు గదే," అని మాత్రం అంది. అతను చాలాసేపు నా వైపు చూశాడు. ఈసారి నా భుజం మీదుగా కాదు, నా కళ్లలోకే. "సరే," అన్నాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. అతని తల్లి ఇంకా పటం వైపే చూస్తోంది, జవాబు అక్కడి నుంచి రావాలన్నట్టు.

పెద్దామె ఒక్కతే మాతో బస్టాండు దాకా వచ్చింది. ఆమెకు కోపం వచ్చిందో లేదో తెలియలేదు. ప్రొద్దుటూరు బస్సు ఎప్పుడో అడగడానికి అమ్మ నాకు మొహం చూపించకుండా ముందుకు పోయింది. ఇప్పుడైనా నిజం చెప్పాలా అని ఆలోచించాను. చెబితే, కూతురు తన కోసం తిరిగొచ్చి ఒక చీర అడిగిందన్న మాట ఆమె దగ్గర నుంచి లాక్కున్నట్టు అవుతుంది. చూపించడానికి నా దగ్గర ఆ గొంతు కూడా లేదు. ఊరుకున్నాను.

"చీర యాడ పెట్టినావు?" అని ఆమే అడిగింది.

"మంచం మీద, మడత పెట్టి."

"మంచిది. దానికి మడత పెట్టేది ఎప్పుడూ వచ్చేది గాదు." బస్సు వచ్చే దారి వైపు చూస్తూ, "దాన్నీ మేము అడగల్యాలే," అంది. "మేనమామ కొడుకు గదా, అడిగేదేముంది అనుకున్నాం."

బస్సు వచ్చింది. అమ్మ ఎక్కి చేయి ఊపింది. నేను మెట్టు మీద కాలు పెడుతుంటే ఆమె నా మోచేయి పట్టుకుని ఆపింది. ఆ గొంతు, ఆ సన్నటి జీర, నా చెవి పక్కనే.

"ఎక్కినాక ఈ తట్టు చూడాకు పాపా. చూస్తే నేను మళ్లా పిలుస్తా."